చాక్లెట్‌లో మన కోకో ఎంత, చక్కెర ఎంత?



ఈ పోస్టుతో పాటు ఉన్న వీడియోలో కోకో కాయ కొట్టడం, గింజ తీయడం, పులియబెట్టడం, ఎండబెట్టడం వరకు చూపించాం. వీడియోలో చెప్పడానికి టైం చాలని విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను. గింజ మన తోట దాటాక ఏమవుతుంది? రంగు కాగితంలో చుట్టుకొని తిరిగి మన పిల్లల చేతికి వచ్చేసరికి అందులో మన పంట ఎంత మిగులుతుంది? ఇది నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్ళు ఉంటారు, ఫర్వాలేదు. లెక్కలు మాత్రం మీరే వేసి చూసుకోండి.

ముందే చెప్పేస్తున్నాను. కోకో ఆహారం. చాక్లెట్ మిఠాయి. ఈ రెండింటినీ ఒకటే అన్నట్టు మాట్లాడటం వల్ల అటు తినేవాళ్ళకీ నష్టమే, ఇటు పండించేవాళ్ళకీ నష్టమే.

అసలు చాక్లెట్ అని దేన్ని అంటున్నాం?

మన ఊళ్ళలో కొట్టు ముందు సీసాల్లో ఉన్నదంతా చాక్లెట్టే. పచ్చిమామిడి రుచి బిళ్ళ చాక్లెట్టే, చింతపండు బిళ్ళ చాక్లెట్టే, చిల్లర లేదని కొట్టాయన చేతిలో పెట్టేదీ చాక్లెట్టే. పేరు ఒకటే గాని సరుకు మూడు రకాలు.

మొదటిది ఉత్త చక్కెర బిళ్ళ. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, కొంచెం పులుపు, రంగు, వాసన. ఇందులో కోకో గింజ ముక్క కూడా ఉండదు. దీనికి పోషకాల పట్టిక రాయాలంటే ఒక్క మాట చాలు: చక్కెర.

రెండోది కాంపౌండ్ అంటారు. బిస్కెట్ల మీద, వేఫర్ల మీద, ఐస్‌క్రీం మీద ఉండే గోధుమ రంగు పూత చాలా వరకు ఇదే. కోకో గింజ నుంచి వెన్న తీసేసుకున్నాక మిగిలిన పొడి కొద్దిగా వేసి, కోకో వెన్నకి బదులు పామ్ లాంటి వేరే నూనెల కొవ్వు కలుపుతారు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే అసలు చాక్లెట్ నోట్లో పెట్టగానే కరిగిపోతుంది, మన మే నెల ఎండకి కొట్లోనే కరిగిపోతుంది. వేరే కొవ్వు వేస్తే ఎండకి కొంచెం తట్టుకుంటుంది, ఖర్చూ తగ్గుతుంది. కంపెనీకి రెండు విధాలా లాభం.

మూడోది అసలు చాక్లెట్. కోకో ముద్ద, కోకో వెన్న, చక్కెర, పాలపొడి. దీంట్లో కూడా తేడాలు చాలా ఉన్నాయి. మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం మిల్క్ చాక్లెట్‌లో కొవ్వు, తేమ తీసేసిన కోకో పదార్థం కనీసం 2.5 శాతం ఉంటే చాలు. డార్క్ అనే ప్లెయిన్ చాక్లెట్‌కైతే కనీసం 12 శాతం.

2.5 శాతం అంటే ఎంతో రైతు భాషలో చూద్దాం. ఎండు గింజ ఒకటి సుమారు గ్రాము బరువు. పైపొట్టు, తేమ పోను మిగిలినదాంట్లో సగానికి పైగా కొవ్వే. అదీ తీసేస్తే గింజకి 0.4 గ్రాములు మిగులుతుంది. అంటే 100 గ్రాముల మిల్క్ చాక్లెట్‌కి చట్టం అడిగే కోకో ఆరేడు గింజలది. మీ తోటలో ఒక కాయ కొడితే ముప్పై, నలభై గింజలు వస్తాయి. కోకో వెన్న దీనికి వేరుగా కలుస్తుంది, మంచి కంపెనీలు కనీసం కన్నా ఎక్కువే వేస్తాయి, కాదనను. కానీ చాక్లెట్‌కి ఆ రంగు, ఆ చేదు, ఆ గుణం ఇచ్చే భాగానికి చట్టం పెట్టిన హద్దు అంతే.

గింజలో ఏముంది?

కోకో గింజ తక్కువదేం కాదు. పులియబెట్టి ఎండబెట్టిన గింజలో సగం కొవ్వు. ఆ వెన్న తీసేశాక వచ్చే తియ్యదనం లేని కోకో పొడి 100 గ్రాముల్లో ప్రోటీన్ 20 గ్రాముల దాకా, పీచు 30 గ్రాములకి పైగా, ఇనుము 13, 14 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 500 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాయి. ఫ్లావనాల్స్ అనే పదార్థాలు కూడా ఉంటాయి, వాటి గురించి కింద చెబుతాను.

అయితే ఎవరూ కోకో పొడి 100 గ్రాములు తినరు. ఒక చెంచా అంటే ఐదు గ్రాములు. పాలలో వేసుకుంటే ఒక గ్రాము ప్రోటీన్, గ్రామున్నర పీచు. ఇనుము కూడా, గింజలో ఉన్నదంతా మన ఒంటికి పట్టదు, కోకోలోని వగరు పదార్థాలే దాన్ని కొంత అడ్డుకుంటాయి. మంచి దినుసే గాని, దీంతో కడుపు నిండదు.

మిఠాయి అయ్యాక ఏం మిగిలింది?

100 గ్రాములకి లెక్క ఇలా ఉంటుంది. బ్రాండును బట్టి అటూ ఇటూ మారుతుంది, కానీ తీరు ఇదే.

మిల్క్ చాక్లెట్: సుమారు 535 కేలరీలు, చక్కెరలు 50 గ్రాములు, కొవ్వు 30 గ్రాములు, ప్రోటీన్ 7, 8 గ్రాములు, పీచు 3 గ్రాములు, ఇనుము 2 మిల్లీగ్రాములు.

70 శాతానికి పైన కోకో ఉన్న డార్క్ చాక్లెట్: సుమారు 600 కేలరీలు, చక్కెరలు 24 గ్రాములు, కొవ్వు 43 గ్రాములు, ప్రోటీన్ 8 గ్రాములు, పీచు 11 గ్రాములు, ఇనుము 12 మిల్లీగ్రాములు.

వేరుశెనగ పప్పు: సుమారు 567 కేలరీలు, చక్కెరలు 4, 5 గ్రాములు, కొవ్వు 49 గ్రాములు, ప్రోటీన్ 25 గ్రాములు, పీచు 8 గ్రాములు.

పొట్టు తీయని నువ్వులు: సుమారు 573 కేలరీలు, కొవ్వు 50 గ్రాములు, ప్రోటీన్ 18 గ్రాములు, ఇనుము 14 మిల్లీగ్రాములు, కాల్షియం వెయ్యి మిల్లీగ్రాముల దగ్గర.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకొని చూడండి. కేలరీలు నాలుగింటిలోనూ దాదాపు ఒకటే. కానీ మిల్క్ చాక్లెట్‌లో సగం బరువు చక్కెర. పాలపొడిలోని చక్కెర కొంత ఉంటుంది, మిగిలిందంతా కలిపిందే. పిల్లాడు 20 గ్రాముల ముక్క తింటే 10 గ్రాముల చక్కెర, అంటే రెండున్నర చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏమిటంటే, కలిపిన చక్కెర నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదు, ఇరవయ్యో వంతు లోపు ఉంటే ఇంకా మంచిది. పెద్దవాళ్ళకే ఆ రెండో లెక్క 25 గ్రాములు అవుతుంది. పిల్లలకి ఇంకా తక్కువ. ఇక టీలో చక్కెర, బిస్కెట్లో చక్కెర, కూల్‌డ్రింకులో చక్కెర ఎటు పోయినట్టు?

పాల సంగతి కూడా చూద్దాం. మిల్క్ చాక్లెట్ ప్రకటనల్లో పాలు ధారగా పోస్తుంటారు. 100 గ్రాముల మిల్క్ చాక్లెట్‌లో కాల్షియం 190 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అంటే 20 గ్రాముల ముక్కలో 40 కూడా లేదు. మన ఆవు పాలు 30 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు, తాగితే అంత కాల్షియం వస్తుంది, చెంచా చక్కెర లేకుండా. దేశీ ఆవును ఇంట్లో పెట్టుకొని పాల కోసం చాక్లెట్ కొనడం ఏం లెక్క చెప్పండి?

డార్క్ చాక్లెట్ గుండెకి మందా?

ఇది ఈమధ్య చాలామంది చెబుతున్న మాట. మన ప్రకృతి వ్యవసాయం గ్రూపుల్లో కూడా తిరుగుతోంది. కోకో పండించే మనకి వినడానికి బాగుంటుంది. బాగుందని నిజం కాదు.

కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాలు సాగే గుణానికి సాయం చేస్తాయని యూరప్ ఆహార భద్రత సంస్థ 2012లో ఒప్పుకుంది, రోజుకి 200 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ అందితే అని. కానీ గింజ పులిసేటప్పుడు కొంత ఫ్లావనాల్ పోతుంది, వేయించేటప్పుడు కొంత పోతుంది. రంగు ముదరడానికి, చేదు తగ్గడానికి క్షారంతో శుద్ధి చేస్తే చాలా వరకు పోతుంది. చివరికి బజారు ముక్కలో ఎంత మిగిలిందో లేబుల్ మీద ఎవరూ రాయరు.

అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్ద వయసు వాళ్ళ మీద కాస్మాస్ అనే అధ్యయనం జరిగింది, 2022లో ఫలితాలు వచ్చాయి. రోజుకి 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ మాత్రల రూపంలో ఇచ్చారు. గుండె జబ్బుల సంఘటనలు మొత్తంగా చూస్తే చెప్పుకోదగ్గంత తగ్గలేదు. గుండె జబ్బు మరణాలు మాత్రం తగ్గినట్టు కనిపించింది. ఆశ పెట్టుకోదగ్గ విషయమే. కానీ గమనించండి, వాళ్ళు ఇచ్చింది మాత్ర, చాక్లెట్ కాదు. చక్కెర, కొవ్వు లేని సారం అది. ఆ ఫలితాన్ని తీసుకొచ్చి మిఠాయి మీద అంటించడం న్యాయం కాదు. బీపీ ఉన్నవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు మందులు మానేసి డార్క్ చాక్లెట్ తినొద్దు. డాక్టరు చెప్పినట్టే నడుచుకోండి.

బెల్లం వేస్తే మంచిదైపోతుందా?

ఈ మాట మన వాళ్ళలో చాలామందికి నచ్చదు. అయినా రాయాలి. ప్రకృతి వ్యవసాయంలో పండించిన కోకో, నల్ల బెల్లం వేసి ఇంట్లో చాక్లెట్ చేసి అమ్ముతున్న రైతులు, రైతు బిడ్డలు ఇప్పుడు కొంతమంది ఉన్నారు. ఆ పని నాకు చాలా ఇష్టం. గింజ అమ్ముకోవడం దగ్గరే ఆగకుండా సరుకు చేసి అమ్మితేనే మన చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. కానీ ప్యాకెట్ మీద "షుగర్ ఫ్రీ", "ఆరోగ్యకరం", "షుగర్ ఉన్నవాళ్ళు కూడా తినొచ్చు" అని రాయడం మాత్రం తప్పు.

బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉంటాయి, రుచి ఉంటుంది, రసాయనాలతో తెల్లగా చేయనిదైతే ఇంకా మేలు. కానీ బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఒంట్లోకి వెళ్ళాక షుగర్ పెంచే విషయంలో దానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు. జీవామృతంలో బెల్లం ఎందుకు వేస్తున్నాం? సూక్ష్మజీవులకి చక్కెర కావాలి కాబట్టే కదా. అక్కడ చక్కెర అయిన బెల్లం ఇక్కడ చక్కెర కాకుండా ఎలా పోతుంది?

కంపెనీల ప్రకటన అబద్ధమని మనం అంటున్నప్పుడు మన ప్యాకెట్ మీద కూడా నిజమే ఉండాలి. "కోకో ఇంత శాతం, బెల్లం ఇంత శాతం, ఇంకేమీ లేదు" అని రాయండి. ఆ నిజాయితీకే గిరాకీ వస్తుంది.

మన చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటి

పోషకాల గురించి మాట్లాడుతూ విషాల గురించి వదిలేయకూడదు. అమెరికాలో కన్జ్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2022 చివర్లో 28 డార్క్ చాక్లెట్లు పరీక్ష చేయిస్తే అన్నిటిలోనూ సీసం, కాడ్మియం దొరికాయి. 23 రకాల్లో, రోజూ ఒక ఔన్సు తిన్నా కూడా, వాళ్ళు పెట్టుకున్న హద్దు దాటింది. అందులో ఆర్గానిక్ అని రాసుకున్నవీ ఉన్నాయి. కోకో ఎక్కువయ్యే కొద్దీ ఈ లోహాలు కూడా ఎక్కువ కావచ్చు. యూరప్ 2019 నుంచి చాక్లెట్‌లో కాడ్మియానికి హద్దు పెట్టి అమలు చేస్తోంది.

ఈ రెండూ వచ్చే దారులు వేరు. కాడ్మియం నేలలోంచి వేరు ద్వారా గింజలోకి ఎక్కుతుంది. కొన్ని నేలల్లో సహజంగానే ఉంటుంది. ఫాస్ఫేటు ఎరువుల ద్వారా కూడా నేలకి చేరుతుంది, ఎందుకంటే ఆ ఎరువు చేసే రాతిలోనే కాడ్మియం ఉంటుంది, గనిని బట్టి ఎక్కువ తక్కువ. డీఏపీ, సూపర్ మానేసిన మనకి ఆ దారి మూసుకుంది. సేంద్రియ పదార్థం ఎక్కువున్న నేలలో, పులుపు తక్కువున్న నేలలో కాడ్మియం మొక్కకి తక్కువ అందుతుంది. కోకో చెట్టు ఏడాదంతా ఆకు రాల్చి తన ఆచ్ఛాదన తానే వేసుకుంటుంది. ఆ ఆకుని తగలబెట్టకండి, ఊడ్చేయకండి.

సీసం వచ్చే దారి వేరు. కాయ కొట్టాక, గింజ పులిసి ఎండేటప్పుడు దుమ్ము రూపంలో పొట్టు మీదకి చేరుతుంది. కాబట్టి తారు రోడ్డు పక్కన, లారీలు తిరిగే చోట గింజ ఆరబోయొద్దు. నేల మీద కాకుండా వెదురు తడికల మీదో, ఎత్తు బల్లల మీదో, శుభ్రమైన బరకం మీదో ఆరబెట్టండి. ఖర్చు పెద్దగా లేని పని.

అయితే "మాది ప్రకృతి వ్యవసాయం, కాబట్టి లోహాలు లేవు" అని పరీక్ష చేయించకుండా అనకండి. పది మంది రైతులు కలిసి ఒక నమూనా ల్యాబుకి పంపితే తేలిపోతుంది. రిపోర్టు చేతిలో ఉంటే బేరం కూడా మన చేతిలో ఉంటుంది.

ఇంకో చిన్న మాట. కోకోలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. కుక్కలకి అది విషం. తోటలో కాపలా కుక్కకి చాక్లెట్ పెట్టకండి, పొట్టు కుప్పల దగ్గర తిననివ్వకండి.

ధర పెరిగితే వాళ్ళు ఏం చేశారు?

ఇది పోషకాల విషయం కాదేమో అనిపిస్తుంది. నిజానికి ఇదే అసలు విషయం. ప్రపంచం కోకోలో సగానికి పైగా పండించే ఐవరీ కోస్ట్, ఘనాల్లో పంట దెబ్బతిని, 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. మన ఏలూరు, గోదావరి జిల్లాల్లో కూడా 2024 వేసవిలో కిలో ఎండు గింజ వెయ్యి రూపాయల దాకా చూసింది. 2025కి సగానికి పడిపోయి రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది.

ధర పెరిగినప్పుడు కంపెనీలు కొన్ని చాక్లెట్ సైజు తగ్గించాయి, కొన్ని కోకో తగ్గించి వేరే కొవ్వు పెంచాయి. బ్రిటన్‌లో పెంగ్విన్, క్లబ్ అనే పాత బిస్కెట్లలో కోకో తగ్గిపోయి, 2025లో వాటిని చాక్లెట్ అని పిలవడానికి చట్టం ఒప్పుకోలేదు. "చాక్లెట్ ఫ్లేవర్" అని మార్చుకున్నారు. అక్కడ చట్టం కాస్త గట్టిగా ఉంది కాబట్టి తినేవాడికి తెలిసింది.

మన దగ్గర విచిత్రం చూడండి. కొబ్బరి కింద కోకో వేసినట్టే, పామాయిల్ చెట్ల కింద కూడా కోకో వేసుకున్న రైతులు ఉన్నారు. పైచెట్టు కొవ్వు, కిందచెట్టు కొవ్వు ఒకే ఫ్యాక్టరీలో పోటీ పడతాయి. ఏది చవకైతే అది మిఠాయిలోకి వెళ్తుంది. ఎటు చూసినా చక్కెర మాత్రం తగ్గదు, ఎందుకంటే అన్నిటికన్నా చవక అదే. తినేవాడికి చాక్లెట్ అంటే తీపి అని అలవాటు చేసినంత కాలం మన గింజ లేకపోయినా వాళ్ళ వ్యాపారం ఆగదు. తినేవాడు కోకో రుచి గుర్తుపట్టి అడిగిన రోజునే మన గింజకి విలువ.

నేను అనేది ఇదీ

ఒకటి, ప్యాకెట్ ముందు వైపు పెద్ద అక్షరాల్లో కోకో శాతం, చక్కెర శాతం రాయాలని రైతు సంఘాలు అడగాలి. గిట్టుబాటు ధర అడిగినట్టే ఇదీ అడగాలి. రెండూ ఒకే పోరాటం.

రెండు, అప్పటిదాకా మనమే వెనక వైపు చదవాలి. ఏ దినుసు ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. మొదటి పేరు చక్కెర అయితే అది చక్కెర మిఠాయి. వెజిటబుల్ ఫ్యాట్, హైడ్రోజినేటెడ్ అని ముందుగా కనిపిస్తే అది కాంపౌండ్. కోకో మాస్, కోకో బటర్ ముందుంటే అది చాక్లెట్.

మూడు, పిల్లలకి రోజువారీ చిరుతిండి చాక్లెట్ కాకూడదు. పల్లీ పట్టీ, నువ్వుల చిమ్మిలి, వేయించిన శెనగలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ బడి భోజనంలో చిక్కీ పెట్టింది అందుకే. వాటిలో కూడా బెల్లం ఉంది, కాదనను, కానీ తీపి వెంట ప్రోటీన్ వస్తుంది. పుట్టినరోజుకి, పండక్కి ఒక ముక్క చాక్లెట్ తింటే ఏం కాదు. మిఠాయిని మిఠాయిలాగే తినాలి.

నాలుగు, కోకో రైతు తన గింజ రుచి తాను చూడాలి. ఏళ్ళ తరబడి పండిస్తూ ఒక్కసారి కూడా వేయించి నోట్లో వేసుకోని వాళ్ళు ఉన్నారు. వీడియోలో చూపించినట్టు ఐదారు రోజులు బాగా పులిసి, ఏడు శాతం తేమ దాకా ఎండిన గింజలు గుప్పెడు తీసుకోండి. సన్న సెగ మీద వేయించి, పొట్టు తీసి, రోట్లో నూరండి. కొవ్వు కరిగి ముద్ద అవుతుంది. వేడి పాలలో చెంచా కలిపి, బెల్లం కొద్దిగానే వేసి తాగండి. సరిగ్గా పులవని గింజకి వగరు తెలుస్తుంది, బూజు పట్టిన గింజకి ఆ కంపు తెలుస్తుంది. రేపు కొనేవాడు వంక పెట్టినప్పుడు అది నిజమో కాదో మీ నాలుకే చెబుతుంది.

మీ దగ్గర కోకో ఉంటే ఈ సీజన్‌లో ఒక కిలో గింజ ఇంటికి ఉంచుకోండి. మిగతాది అమ్మండి.